అడవిపంది, పంటచేను, వేట చట్టము

డిచ్‌పల్లి, ఇందల్వాయి ప్రాంతములలో పసుపు పండించు కాశ్తకారులు పెక్కుమంది ఆ చేనిలోనే మక్కజొన్నను అంతరపంటగా వేయుదురు. మృగశిర కార్తె మొదలు పసుపు నాటి, బోదెల ప్రక్కన మక్క విత్తినచో, పసుపు తొమ్మిది నెలలకు గాని చేతికి రాకపోయినను, మక్క నాలుగు నెలల లోపలనే అమ్మకమునకు వచ్చి కూలి ఖర్చులకును, ఎరువుల బాకీకిని ఆదుకొనును. ఏర్పాటు మంచిదే. అయితే అడవి అంచుననున్న చేలలో దీనివలన ఒక చిక్కు కలదు. కంకి పాలు పట్టు దినములలో దాని వాసన అడవిపందులకు దూరమునుండియే తెలియును. గుంపుగా వచ్చిన పందులు ఒక్క రాత్రిలో మక్క కర్రలను విరిచి పడవేసి, కంకులను నమలి, అంతటితో పోక, ఎర్రల కొరకును పురుగుల కొరకును బోదెలను మూతితో పెల్లగించును. పసుపు దుంప ఘాటైనది గాన దానిని అంతగా తినవు. కాని పెల్లగింపబడిన దుంప వేరు తెగి ఎండిపోవును. తిన్నది మక్క, చెడినది పసుపు. తెల్లవారి చేనికి వచ్చిన రైతునకు రెండు పంటల నష్టము ఒక్కసారే కనబడును.

అట్టి తెల్లవారున రైతునకు ముందుగా తోచునది మరునాటి రాత్రి పందిని చంపుట. గట్టుమీద క్లచ్ వైరు ఉచ్చు కట్టుటయో, మోటారు పెట్టెనుండి తీగ లాగి చేనిచుట్టు కరెంటు పెట్టుటయో, పిండిలో నాటు బాంబు చుట్టి దారిలో వదలుటయో ఎవరో ఒకరు చెప్పుదురు. చెప్పినవారు తరువాత పంచనామాకు రారు. పోలీసు ఠాణాకును రారు. పంట నష్టమైన రైతే నేరస్థుడై కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చును. ఒక్కొక్కప్పుడు పందికి పెట్టిన తీగ ప్రక్క చేని మనిషిని చంపును. ఇట్టి దుర్గతి రాకుండుటకు వేటను గూర్చిన చట్టములో ఏమున్నదో, ఏది నిషిద్ధమో, ఏ దారి తెరచియున్నదో భూస్వామియైన ప్రతి రైతు తెలిసికొని యుండవలెను.

చట్టము ఎట్లు మారినది

"నా చేనికి వచ్చిన జంతువును చంపుకొను హక్కు నాకు లేదా?" అని అడుగువారు గ్రామములలో ఇప్పటికిని గలరు. ఈ తలంపు ఆధారము లేనిది కాదు. బ్రిటిషు ఇండియాలో 1912లో చేయబడిన అడవి పక్షుల, జంతువుల రక్షణ చట్టములో, ప్రాణరక్షణకై గాని, సద్బుద్ధితో ఆస్తిని కాపాడుకొనుటకై గాని జంతువును చంపినచో ఆ చట్టము వర్తింపదని స్పష్టముగా నుండెను. అనగా ఆ కాలమున పంటను కాపాడుకొనుట కూడ ఒక మినహాయింపే. నిజాము రాజ్యమున ఆ చట్టము లేదు. ఇక్కడి అడవులకు వేరు కానూనులుండెను. 1355 ఫసలీలో, అనగా క్రీస్తుశకము 1945లో, హైదరాబాదు అటవీ చట్టము వచ్చెను. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము దాని స్థానమున వచ్చినది. రిజర్వు అడవిలో అనుమతి లేక వేటాడుటయు, ఉచ్చులు పన్నుటయు, నీటిలో విషము కలుపుటయు ఈ అటవీ చట్టము క్రింద నేరములే.

తరువాత 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టమును పార్లమెంటు చేసెను. పార్లమెంటు ఈ చట్టము చేయవలెనని తమ శాసనసభల తీర్మానముల ద్వారా కోరిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రిజర్వు అడవికే పరిమితమైన పాత నిబంధనలకును ఈ చట్టమునకును ముఖ్యమైన భేదమేమనగా, ఇది జంతువును ఆశ్రయించియుండును గాని భూమిని ఆశ్రయించి యుండదు. పంది సర్కారు అడవిలో నున్నను, పట్టా చేనిలో నున్నను, చెరువుగట్టుపై నున్నను దానికి ఒకటే రక్షణ. పట్టాదారు పాసుపుస్తకము భూమిపై హక్కు నిచ్చును. ఆ భూమిపై నడచు వన్యమృగముపై హక్కు నీయదు.

మొదట ఈ చట్టములో కొన్ని జంతువులను లైసెన్సు తీసికొని వేటాడుటకు వీలుండెను. అడవిపంది అట్టివానిలో నొకటి. 1991లో జరిగిన సవరణతో ఆ లైసెన్సులు పోయినవి. పూర్వము దొరలు, అధికారులు శికారు చేసిన కథలు విని, ఇప్పటికిని ఎక్కడనో వేట పర్మిట్టు దొరకునని తలచుట పొరపాటు. నిజాము శికారుగాహుగా పేరుపొందిన పోచారము అడవియే 1952లో అభయారణ్యమైనది.

ఇటీవలి మార్పు 2022లో జరిగి, 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. మునుపు ఆరు పట్టికలుండగా ఇప్పుడు నాలుగు మాత్రమే గలవు. జంతువులకు సంబంధించి రైతు గుర్తుంచుకొనవలసినవి మొదటి రెండు. మొదటి పట్టికలోనివి మిక్కిలి రక్షణ గలవి: పులి, చిరుతపులి, ఎలుగుబంటి, కృష్ణజింక, నెమలి, అలుగు, ఉడుము మొదలగునవి. రెండవ పట్టికలో అడవిపంది గలదు. రెండు పట్టికలలోని జంతువులను గూడ వేటాడుట తొమ్మిదవ దఫా ప్రకారము నిషిద్ధము. భేదమంతయు శిక్షలోను, అనుమతి దొరకు విధములోను గలదు.

"వేట" అను మాటకు చట్టము చెప్పిన అర్థము

రైతులు సాధారణముగా తుపాకి పేలినప్పుడే, కుక్కలతో తరిమినప్పుడే వేట అందురు. చట్టము ఆ మాటను చాల విరివిగా పట్టుకొన్నది. చంపుట మాత్రమే గాక, విషము పెట్టుట, పట్టుకొనుట, ఉచ్చు వేయుట, బోను పెట్టుట, తరిమి తోలుట, ఎర వేయుట, వీనిలో దేనికైనను ప్రయత్నించుట, ఇవన్నియు వేటయే. జంతువు శరీరములో ఏ భాగమును గాయపరచినను, తీసికొన్నను వేటయే. పక్షి గూడు చెడగొట్టినను, గుడ్లు తీసినను అంతే.

ఇందులో "ప్రయత్నించుట" అను మాటను రైతులు రెండుసార్లు చదువవలెను. ఉచ్చులో పంది పడలేదు గాన నేరము లేదనుట చెల్లదు. ఖాళీగానున్న ఉచ్చు గట్టుమీద దొరికినచో అదియే నేరమునకు చాలును. చేని యజమాని తాను కట్టలేదని చెప్పినను, ఆయన గట్టుమీద ఆయన గుంజకే అది కట్టియున్నప్పుడు విచారణ ఆయన ఇంటినుండియే మొదలగును. కావున తమ చేనిలో పరులు ఉచ్చులు కట్టుచున్నట్లు తెలిసినచో ఊరకుండక, అటవీ శాఖ బీటు అధికారికి తెలుపుట రైతునకే క్షేమము.

చేనిలోనున్న పందులను డప్పులతో, కేకలతో, దీపములతో బెదరించి అడవివైపు మళ్ళించుట వేరు. వల కట్టి, ఆ వలవైపు హాకా వేసి తోలుట వేరు. మొదటిది కాపలా, రెండవది వేట. ఈ రెంటికి నడుమ గీత ఎక్కడ అని అడిగినచో, చేతిలోనిది ఏమి, చివర కట్టినది ఏమి అను దానినిబట్టి యుండునని చెప్పవచ్చును.

ఉచ్చులో మరియొక ప్రమాదము గలదు. అది జంతువును ఎంచుకొనదు. పందికై కట్టిన ఉచ్చులో ఆ దారినే వచ్చు చిరుతపులి గాని, ఎలుగుబంటి గాని పడవచ్చును. రెండును ఈ అడవులలో తిరుగునట్టివే. రెండవ పట్టికలోని జంతువు విషయమై సాధారణముగా మూడు సంవత్సరముల వరకు ఖైదు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. మొదటి పట్టికలోని జంతువైనచో ఖైదు మూడు సంవత్సరములకు తగ్గదు. ఏడు సంవత్సరముల వరకు పోవచ్చును. జరిమానా ఇరువదియైదు వేలకు తగ్గదు. ఒక్క తీగ ముక్క, ఒక్క రాత్రి, ఆ రాత్రి ఏ జంతువు ముందుగా వచ్చినదను దానిపై రైతు శిక్ష ఆధారపడుట ఎంత చిత్రమో ఆలోచించి చూడవలెను. ఇంతేగాక, నేరమునకు వాడిన ఆయుధము, బండి, ఉచ్చు సర్కారు స్వాధీనమగును.

కరెంటు తీగ

ఈ పత్రములో రైతులు మిక్కిలి శ్రద్ధతో చదువవలసిన భాగమిది. మోటారు పెట్టెనుండి గాని, స్తంభముపై తీగకు కొక్కెము వేసి గాని తీసిన కరెంటును చేనిచుట్టు బైండింగ్ వైరుకు కలుపుట తెలంగాణ జిల్లాలలో అనేక చోట్ల జరుగుచున్నది. ఇట్టి తీగలవలన రైతులును, కూలివారును, కాపలావారును మరణించిన వార్తలు పత్రికలలో తరచు వచ్చుచుండును. కవ్వాల ప్రాంతమున పులులు సైతము ఇట్టి తీగలకు బలియైనవి.

ఇండ్లకు, మోటార్లకు వచ్చు కరెంటు ఎడతెగక పారునది. సెకనుకు నూరుసార్లు దిక్కు మారునది. అది చేతికి తగిలినచో కండరములు బిగిసికొనిపోయి, మనిషి తీగను వదలవలెనన్నను వదలలేడు. వానాకాలపు తడి నేల, వట్టి కాళ్ళు, చెమట పట్టిన చేయి, ఇవి కరెంటునకు దారి సుగమము చేయును. గుండె కొట్టుకొనుట తప్పి కొన్ని నిమిషములలో ప్రాణము పోవును. ఇది పందికి జరుగవలెనని పెట్టినవాడు, ఆ తీగకు మనిషిని గుర్తుపట్టు జ్ఞానము లేదని మరచును. నీరు మళ్ళించుటకై అర్ధరాత్రి బ్యాటరీ దీపముతో గట్టుమీద నడచు ప్రక్క రైతు, పొద్దున్నే పశువులను తోలుకొనివచ్చు పిల్లవాడు, బహిర్భూమికి పోవు ముసలివాడు, వీరిలో ఎవరికిని ఆ తీగ కనబడదు. తీగ పెట్టిన ఇంటివారే, "మొన్ననే తీసితిమి గదా" అను తలంపుతో పోయి తగిలించుకొన్న సంగతులును గలవు.

మనిషి చనిపోయినచో వన్యప్రాణి చట్టము ప్రక్కకు పోయి, భారతీయ న్యాయ సంహిత ముందునకు వచ్చును. 2024 జూలై 1వ తేదీనుండి ఇండియా శిక్షాస్మృతికి బదులుగా అమలులోనున్నది ఇదియే. నిర్లక్ష్యమువలన మరణము కలిగించుటకు 106వ దఫా క్రింద ఐదు సంవత్సరముల వరకు ఖైదు గలదు. మనుష్యులు నడచు దారియని తెలిసియు ప్రాణాంతకమైన తీగ పెట్టినాడని తేలినచో, 105వ దఫా క్రింద, హత్య కానట్టి నరహత్యగా విచారణ జరుగవచ్చును. దానికి శిక్ష మిక్కిలి ఎక్కువ. ఇది గాక, 2003 నాటి విద్యుత్ చట్టము 135వ దఫా ప్రకారము కొక్కెము వేసి కరెంటు తీయుట దొంగతనము. మోటారుకై ఇచ్చిన కరెంటును వేరు పనికి వాడుట కూడ అదే దఫాలో చేరును. వ్యవసాయమునకు కరెంటు ఉచితము గదా అని వాదించుట ఇక్కడ పనికిరాదు.

కరెంటు తీగకును, సౌరకంచెకును పోలిక పైకి కనబడునంతే. సౌరకంచెలో సూర్యరశ్మితో బ్యాటరీ నిండును. బ్యాటరీనుండి ఎనర్జైజరు అను పెట్టె తీగలోనికి సెకనునకు ఒక్కసారి చొప్పున, సెకనులో వెయ్యవ వంతుల కాలము మాత్రమే, కరెంటును తట్టివిడుచును. ఓల్టేజి వేలలో నున్నను, ఆ తట్టులోని శక్తి స్వల్పము, కాలము స్వల్పము. తగిలినవాడు ఉలికిపడి చేయి లాగుకొనును. రెండు తట్టుల నడుమ విడిపించుకొనుటకు వ్యవధి యుండును. పంది మూతికి ఒకటి రెండుసార్లు తగిలినచో అది ఆ తీగను చూచి వెనుదిరుగుట నేర్చుకొనును. అందుచే ఎనర్జైజరుపై ఐ.ఎస్.ఐ. గుర్తు చూచి కొనవలెను; భూమిలో కడ్డీ లోతుగా పాతి ఎర్తు సరిగా చేయవలెను; తీగకు గడ్డి, తీగమొక్కలు తగులకుండ ఎప్పటికప్పుడు కోయవలెను, లేనిచో శక్తి నేలలోనికి కారిపోవును. మనుష్యులు నడచు చోట్ల హెచ్చరిక పలకలు కట్టవలెను. బ్యాటరీ చెడిపోయినదని ఆ తీగనే మోటారు పెట్టెకు కలుపుట సౌరకంచెను ఉరికంబము చేయుటయే. అడవిపందికై క్రింది తీగ నేలకు దగ్గరగా నుండవలెను. పంది దూకుటకంటె దూరుటకే ఎక్కువ ప్రయత్నించును.

చట్టము తెరచియుంచిన దారి

పంటనష్టము చేయు జంతువును చంపుటకు దారియే లేదనుట నిజము కాదు. 11వ దఫాలో ఆ దారి గలదు. రెండవ పట్టికలోని జంతువు మనుష్యుల ప్రాణమునకు గాని, ఆస్తికి గాని అపాయకరమైనదని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెను లేక ఆయన అధికారమిచ్చిన ఉద్యోగి నమ్మినచో, కారణములు వ్రాసి, లిఖితపూర్వకముగా ఉత్తరువు ఇచ్చి, నిర్ణీత ప్రాంతములో ఆ జంతువును లేక ఆ గుంపును వేటాడుటకు అనుమతి ఈయవచ్చును. ఆస్తి అను మాటలో ఏ భూమిపైనైనను నిలిచియున్న పంట చేరునని చట్టమే చెప్పుచున్నది. రైతు ఈ వాక్యమును జ్ఞాపకముంచుకొనవలెను. ఎందుకనగా అటవీ కచేరీలో ఆయన అడుగునది దయ కాదు, చట్టములో వ్రాసియున్న మార్గము.

అయితే ఆ ఉత్తరువు నోటిమాట కాదు. బీటు అధికారి "కానిమ్ము" అనుటగాని, గ్రామ పెద్ద అభయమిచ్చుటగాని చాలదు. ఉత్తరువులో ఏ జంతువు, ఏ గ్రామము, ఎంత కాలము, ఎవరు చంపవలెను అను సంగతులు వ్రాసియుండవలెను. వ్రాసినదానిని మించి పోయినచో అనుమతి రక్షింపదు. అధికారము ఏ ఉద్యోగికి ఒప్పగింపబడినదో కాలమునుబట్టి మారుచుండును గాన, రేంజి కచేరీలో విచారించుకొనుట మేలు. కేరళ ప్రభుత్వము 2022లో ఇట్టి అధికారమును పంచాయతీ, పురపాలక సంఘముల అధ్యక్షులకు ఒప్పగించినది. ఆ వార్త విని ఇక్కడి సర్పంచికి కూడ అదే అధికారము తనంతట తానే కలదని తలచరాదు. ఒక రాష్ట్రపు ఉత్తరువు మరియొక రాష్ట్రమున చెల్లదు.

దరఖాస్తు ఎంత వివరముగా నున్నచో అంత పని చేయును. సర్వే నంబరు, పంట పేరు, విత్తిన కాలము, నష్టపడిన ఎకరములు గుంటలు, పందులు వచ్చిన రాత్రుల తేదీలు వ్రాయవలెను. కాళ్ళ గుర్తులు, పెల్లగించిన బోదెలు, విరిగిన కర్రలు చెరిగిపోకముందే ఫోటోలు తీయించవలెను. వ్యవసాయ విస్తరణాధికారిచేత నష్టమును చూపించి వ్రాయించుకొనుట మంచిది. ఒక్క రైతు ఒక్క దరఖాస్తు ఇచ్చుటకంటె, ఆ గట్టు పొడుగునా భూములున్నవారందరు కలిసి ఒకటే అర్జీ పెట్టినచో, గుంపు ఎటునుండి ఎటు పోవుచున్నదో అధికారికి తెలియును. పందులు ఒకరి సరిహద్దునే ఎరుగవు గదా.

మొదటి పట్టికలోని జంతువులకు ఈ దారి లేదు. నెమలి గింజలు ఏరుకొని తినినను, దాని విషయమై పంటనష్టము కారణముగా చంపుటకు అనుమతి దొరకదు. అది మనుష్య ప్రాణమునకు అపాయమైనప్పుడో, బాగుకాని రోగము గాని గాయము గాని కలిగినప్పుడో మాత్రమే చీఫ్ వార్డెను విచారింపగలరు. 1963నుండి నెమలి జాతీయ పక్షి. కోతుల సంగతి వేరొక పత్రమునకు చాలినంత గలదు.

ఇక అడవిపందిని కీడుజంతువుగా ప్రకటింపుమను కోరిక. 62వ దఫా ప్రకారము రెండవ పట్టికలోని జంతువును నిర్ణీత ప్రాంతమునకు, నిర్ణీత కాలమునకు అట్లు ప్రకటించు అధికారము కేంద్ర ప్రభుత్వమునకు గలదు. 2015 డిసెంబరులో బీహారులోని కొన్ని జిల్లాలకు నీలుగాయి, అడవిపంది విషయమునను, 2016లో ఉత్తరాఖండులోని కొన్ని జిల్లాలకు అడవిపంది విషయమునను ఇట్టి ప్రకటనలు వచ్చినవి. అవి గడువు గలవి. గడువు తీరిన మరునాడు పంది మరల రక్షితమే. ఈ కోరిక అన్యాయమైనదనుటకు వీలులేదు. అడవిని కాపాడుట దేశమంతటికి లాభము. దాని ఖర్చు మాత్రము అడవి అంచున నాలుగెకరములున్న రైతుపై పడుచున్నది. కాని గెజెటులో ప్రకటన రానంతవరకు, వచ్చునను నమ్మకముతో ఉచ్చు కట్టినవానిని కోర్టు క్షమింపదు.

తుపాకి, ఆత్మరక్షణ, మాంసము

1959 నాటి ఆయుధముల చట్టములో, నిజముగా పంట కాపాడుకొనుటకై నోటినుండి మందు దట్టించు తుపాకికి లైసెన్సు ఇచ్చుటను గూర్చి ప్రత్యేకముగా చెప్పబడినది. ఆ లైసెన్సు తుపాకిని ఉంచుకొనుటకే గాని జంతువును కాల్చుటకు కాదు. గాలిలో పేల్చి బెదరించుట దాటి పందిపై గురిపెట్టవలెనన్నచో, పైన చెప్పిన 11వ దఫా ఉత్తరువు ఉండితీరవలెను. వన్యప్రాణి నేరము రుజువైనచో కోర్టు తుపాకి లైసెన్సును రద్దుచేసి, ఐదు సంవత్సరముల వరకు మరల రాకుండ చేయవచ్చును. అభయారణ్యమునకు పది కిలోమీటర్ల లోపల నివసించు లైసెన్సుదారులు తమ ఆయుధమును అటవీ అధికారివద్ద నమోదు చేయించవలెనని 34వ దఫా చెప్పుచున్నది; పోచారము దగ్గర బంధువుల భూములు చూచుకొనువారు దీనిని గమనించవలెను. నాటు బాంబుల సంగతి చెప్పనే అక్కరలేదు. అవి ప్రేలుడు పదార్థముల చట్టము క్రిందికి పోవును, మేతకు పోయిన ఆవుల దవడలను గూడ పగులగొట్టును.

పంది మీదికి వచ్చినప్పుడు, ముఖ్యముగా పిల్లలతోనున్న ఆడపంది గాని గాయపడిన మగపంది గాని తిరుగబడినప్పుడు, తన ప్రాణమును గాని పరుల ప్రాణమును గాని కాపాడుకొనుటకై సద్బుద్ధితో చంపుట నేరము కాదు. కాని ఆ సమయమున ఆ మనిషి మరియొక నేరము చేయుచుండరాదు. ఉచ్చులోనున్న పందిని తీయబోయినప్పుడు అది మీదికి వచ్చినదని చెప్పువానికి ఈ రక్షణ లేదు. 1912 నాటి చట్టములోని "ఆస్తి" అను మాట ఈ మినహాయింపులో లేకపోవుటయే పాత కాలమునకును, ఇప్పటికిని గల ముఖ్య భేదము.

చచ్చిన పంది ఎవరిది? ఈ ప్రశ్నలోనే చాలమంది చిక్కుకొందురు. 39వ దఫా ప్రకారము అనుమతితో చంపినదైనను, అనుమతి లేక చంపినదైనను, పొరపాటున చచ్చినదైనను, చచ్చి దొరికినదైనను ఆ జంతువు ప్రభుత్వ ఆస్తి. ఆత్మరక్షణలో చంపినదియు అంతే. దొరికినవారు నలువదియెనిమిది గంటల లోపల దగ్గరనున్న పోలీసు ఠాణాలోగాని, అధికారముగల ఉద్యోగివద్దగాని తెలుపవలెను. జాతీయ రహదారి 44పై ఇందల్వాయి అడవి దగ్గర రాత్రి లారీ తగిలి పడియున్న పందిని తెచ్చి వాటాలు వేసికొన్నవారు తాము ఎవరిని చంపలేదని అనుకొందురు. కాని ఇంట మాంసము దొరికినచో, అది అక్రమముగా ఉంచుకొన్నదనియే 57వ దఫా ప్రకారము కోర్టు భావించును. కాదని రుజువు చేయు భారము ముద్దాయిదే. వాటా తీసికొన్న ఇండ్లన్నియు కేసులోనికి వచ్చును.

కుందేలు, కౌజు, పూరేడు పిట్టలను వలలతో పట్టి సంతలో అమ్ముటయు ఈ చట్టము క్రింద నేరమే. పొలములోని ఎలుకలను చంపుట మాత్రము నేరము కాదు.

చేనిని కాపాడుకొను ఉపాయములు

ఉత్తరువు వచ్చువరకు చేను ఎట్లు నిలుచును? రాజేంద్రనగరమునందలి వ్యవసాయ విశ్వవిద్యాలయములో పక్షులు, జంతువులవలన కలుగు పంటనష్టమును గూర్చి చాల ఏండ్లుగా పరిశోధన జరుగుచున్నది. అక్కడివారు చెప్పిన ఉపాయములు పందిని చంపునవి కావు. దాని ముక్కును మోసపుచ్చునవి, దాని మూతికి అడ్డుపడునవి. అడవిపందికి చూపు మందము, వాసన తీక్ష్ణము. ఆముదపు ఆకుల వాసనయు, రుచియు దానికి గిట్టవు. మక్క చేని చుట్టు నాలుగు వరుసలు ఆముదము దగ్గర దగ్గరగా విత్తుట చాలచోట్ల పనిచేసినది. పసుపు రైతునకు ఇది కొత్తయును కాదు, గట్టున ఆముదము వేయుట పెద్దలనాటి అలవాటే. కుసుమ వంటి ముండ్ల పంటను సరిహద్దున వేయుట, కలివి ముండ్ల కంచె పెంచుట, చేనిచుట్టు కందకము త్రవ్వుట మరికొన్ని. రంగు చీరలు కట్టుట మొదటి వారము పనిచేయును; పందులు అలవాటుపడిన తరువాత చీర చినుగుటయే మిగులును. వెంట్రుకలు చల్లుట, కోడిగ్రుడ్ల ద్రావణము చల్లుట వాన పడినప్పుడెల్ల మరల చేయవలసిన పనులు. ఒకే ఉపాయమును పంట పొడుగునా నమ్ముకొనక, వారమునకొకటి మార్చుట మేలు.

మునుపు కొందరు ఫోరేట్ గుళికలను ఇసుకతో కలిపి సంచులలో కట్టి గట్టున వ్రేలాడదీయుచుండిరి. ఆ మందు 2020 డిసెంబరు 31తో దేశమంతట నిషేధింపబడినది. పాత డబ్బా ఇంటనున్నను వాడరాదు. దానిని ఎరలో కలిపినచో అది విషముపెట్టుటయై వేట నేరమగును.

వీనికంటె ముందు ఆలోచింపదగినది పంట ఏర్పాటు. అడవికి ఆనుకొనియున్న చివరి మడులలో పసుపులో మక్కను మానుకొని, మక్కను ఊరివైపు మడులలో వేసికొన్నచో, పందిని పసుపులోనికి పిలుచు వాసన తగ్గును. మక్క ఆదాయము కొంత తగ్గును, నిజమే. కాని పెల్లగింపబడిన బోదె మరల పసుపు ఈయదు. చివరి మడులున్నవారు నలుగురు కలిసి పాలు పట్టు మూడు వారములు మాత్రము వంతులవారీగా మంచెపై కాపలా యుండుట, ఒక్కరే సంవత్సరమంతయు మేలుకొనుటకంటె తేలిక.

నష్టపరిహారము కోరువారు నష్టమైన వెంటనే, చేనిని మరల దున్నకముందే, రేంజి కచేరీలో అర్జీ ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసికొనవలెను. దానితో పాసుపుస్తకపు నకలు, ఆధారు నకలు, బ్యాంకు ఖాతా వివరములు, ఫోటోలు జతపరచవలెను. కౌలుదారు సాగుచేయుచున్నచో, పట్టాదారు సమ్మతి వ్రాయించి జతచేయుట మంచిది. లేనిచో సొమ్ము ఎవరికి చెల్లవలెనను తగాదాతో అర్జీ నిలిచిపోవును. పంచనామా వ్రాయు దినమున రైతు స్వయముగా చేనివద్ద నుండి, నష్టపడిన గుంటల లెక్క సరిగా పడినదో లేదో చదివించుకొని, తరువాతనే సంతకము చేయవలెను.